అమ్మమ్మ చెప్పిన తొమ్మిదో ఇన్నింగ్స్

మా ఊరు డూలీ గ్యాప్ బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ వైపు చెక్క మెట్లున్నాయి. వాటిలో అన్నిటికంటే పై వరసలో మా అమ్మమ్మ స్టేషా కూర్చుంటుంది. ఆమెకి అటు నాలుగు బారలు, ఇటు నాలుగు బారలు ఖాళీ. మైదానం కిక్కిరిసి, కుర్రాళ్ళు కంచె మీదకెక్కి వేలాడే రోజున కూడా ఆ ఖాళీ అలాగే ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడెవడైనా ఇంత చోటుందే అని మురిసిపోయి వెళ్ళి కూర్చుంటే, కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి వాడి భుజం తట్టి, చెవిలో ఏదో చెప్పి, కిందికి దింపుకుపోతారు.

ఆమెకి రోగమేమీ లేదు. వెల్లుల్లి కూడా మితంగానే తింటుంది. ఊళ్ళో ఎవరికీ ఆమె మీద కోపం లేదు, పగ లేదు. భయమల్లా ఆమె నోరంటేనే.

ఎదుటి జట్టులో ఒక్కడు కూడా బంతిని కొట్టి బేస్ చేరుకోకుండా ఆట మొత్తం ముగించడమంటే బంతి వేసే పిచ్చర్‌కి జన్మకోసారి దొరికితే గొప్ప. అలాంటి ఆట నడుస్తున్నప్పుడు ఆ సంగతి పైకి అనకూడదు. అందరికీ తెలుసు, అందరి కళ్ళూ స్కోరు బోర్డు మీదే ఉంటాయి, అయినా ఎవరూ అనరు. జట్టువాళ్ళు ఆ పిచ్చర్‌తో మాట్లాడరు. చూసేవాళ్ళు ఎండ గురించీ గాలి గురించీ మాట్లాడతారు, ఆనక అదీ మానేస్తారు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. చర్చిలోకి వెళ్తే టోపీ తీయాలని మాత్రం ఎవరు రాసిపెట్టారు?

అరవై ఒకటో సంవత్సరం ఆగస్టులో ఒక ఆదివారం మా ఊరి జట్టుకి వాల్ట్ హుడాక్ బంతులు వేస్తున్నాడు. కొక్కిరాయిలా ఉండేవాడట, పొడుగు కాళ్ళూ పొడుగు మెడా. ఎదురు ఆడుతున్నది హార్లన్ హిల్. వాళ్ళకీ మాకూ ఎందుకు పడదో ఇప్పుడెవరికీ గుర్తులేదు గాని, పడదు. తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ఆఖరిది. మాకు ఒక పరుగు, వాళ్ళకి సున్నా. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కడు అవుటైతే ఆట ముగిసినట్టే. అప్పటిదాకా హార్లన్ హిల్ వాళ్ళలో ఒక్కడు కూడా వాల్ట్ బంతిని కొట్టి బేస్ చేరలేదు. జనమంతా బిగుసుకుపోయి కూర్చున్నారు. మైదానం వెనక నల్లటి బొగ్గు తుక్కు గుట్ట మీంచి రాళ్ళు జారే చప్పుడు కూడా వినిపిస్తోందట.

అప్పుడు పై వరసలోంచి మా అమ్మమ్మ, "ఇంతవరకూ ఒక్కడు కూడా కొట్టలేదు కదూ" అంది.

ఆమెకప్పుడు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. మెల్లగానే అన్నానని ఇప్పటికీ ఒట్టు వేస్తుంది. కాని ఆమె పని చేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. వారమంతా కుట్టు మిషన్ల హోరులో మాట్లాడే గొంతుకి మెల్లగా అంటే ఏమిటో తెలియదు. ఆ మాట మైదానం అవతలి కంచెదాకా వెళ్ళింది. ఆ తర్వాతి బంతినే హార్లన్ హిల్ వాడు కొట్టాడు. అది మా ఆటగాళ్ళ తలల మీదుగా వెళ్ళి గడ్డిలో పడింది.

ఆట గెలిచింది మేమే. అయినా ఊళ్ళో ఎవరినడిగినా ఓడిపోయినట్టే చెబుతారు.

అప్పటినుంచి ఆమె చుట్టూ ఆ ఖాళీ ఉంది. మొదట్లో కోపంగా పెట్టారు, తర్వాత సరదాగా ఉంచారు, చివరికి అలవాటుగా మిగిలింది. మా పిచ్చర్ ఎవడైనా బాగా వేస్తున్నాడంటే చాలు, కిందినుంచి ఎవరో ఒకరు వెనక్కి తిరిగి "స్టేషా, నోరు జాగ్రత్త" అంటారు. జనం నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. అరవయ్యో పుట్టినరోజుకి మైదానం కుర్రాళ్ళంతా చందా వేసుకుని, నోటికి అంటించుకోమని, వెడల్పాటి టేపు చుట్ట ఒకటి బహుమతిగా ఇచ్చారు. రిబ్బన్ కూడా కట్టారు. ఆమె పడీ పడీ నవ్వింది. ఇంటికొచ్చి ఆ టేపుతో సింకు కింద కారుతున్న గొట్టం అతికించింది. గొట్టం ఇంకా కారుతూనే ఉంది.

మా తాతకి పావురాలే లోకం. ఎక్కడెక్కడో వదిలేస్తే ఇంటికి తిరిగొచ్చే జాతి పావురాలు పెంచేవాడు. బేస్‌బాల్ ఎందుకాడతారో కూడా ఆయనకి తెలియదు. అందుకే అమ్మమ్మకి పెళ్ళయిందని మా అమ్మ అంటుంది. ఆదివారం ఆయన గూళ్ళ దగ్గర, ఈమె మైదానంలో. ఆయన పోయాక పావురాల్ని ఎవరికో ఇచ్చేస్తే, అవి వారం తిరక్కుండా తిరిగొచ్చాయి. ఇంట్లో మనిషి లేడని వాటికెవరు చెబుతారు?

"అసలెందుకన్నావే ఆ మాట? నియమం తెలియదా నీకు?" అని చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేది. ఎండదెబ్బ అనేది. పంటినొప్పి అనేది. ఒకసారి మాత్రం, కాలర్లు ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా వేరేగా చెప్పింది.

"వారమంతా మిషన్ల దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడదు. ఇంటికొస్తే నాన్న గని దుమ్ముతో దగ్గీ దగ్గీ పడుకునేవాడు, లేపొద్దని అమ్మ మూతి మీద వేలు పెట్టుకుని తిరిగేది. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే నాకు నలుగురితో మాట్లాడే వేళ. ఆ రోజు మైదానంలో కూడా ఎవరూ నోరు విప్పలేదు. అంతమంది మనుషులు, ఒక్క మాట లేదు. నావల్ల కాలేదు."

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి నీకు, దెయ్యం పట్టిందనాలా?"

ఆ మరుసటి ఏడాది ఏదో పెద్ద క్లబ్బు మనిషి వచ్చి వాల్ట్‌ని తీసుకుపోయాడు. దక్షిణాన చిన్న చిన్న ఊళ్ళలో మూడు వేసవులు ఆడాడు. మోచెయ్యి పోయింది. తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, ముసలివాడయ్యేదాకా బ్రెడ్డు బండి తోలాడు. ఆ రోజు స్టేషా నోరు మూసుకుని ఉంటే వాల్ట్ పెద్ద లీగులో ఉండేవాడని బార్లో ఇప్పటికీ అంటారు. అతని మోచేతికీ మా అమ్మమ్మ నోటికీ ఏమిటి సంబంధమో నాకు బోధపడదు. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్దవాళ్ళ లెక్కలు నాకెలా తెలుస్తాయి?

వాల్ట్ భార్య డొలోరెస్ చనిపోయిన ఏడాది, వసంతంలో, మొదటి ఆట రోజున, అతను మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లన్నీ ఎక్కి పై వరసకి వచ్చాడు. మైదానమంతా తల తిప్పి చూసింది. నేను రెండు మెట్ల కింద కూర్చుని చెవులు రిక్కించాను.

"ఇక్కడెవరైనా కూర్చున్నారా?" అన్నాడు.

"కెన్నెడీ ప్రెసిడెంటుగా ఉన్నప్పటినుంచీ ఎవరూ కూర్చోలేదు" అంది అమ్మమ్మ.

"అయితే ఖాళీయేనన్నమాట."

మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు వదిలి, అందులో తన టోపీ పెట్టి కూర్చున్నాడు. ఊరివాళ్ళు కొంతసేపు గుసగుసలాడుకుని, వాడెలాగూ ఇప్పుడు బంతి వెయ్యడుగా, వాడికేం ప్రమాదం అని తేల్చుకుని ఆటలో పడిపోయారు. అప్పటినుంచి ప్రతి వేసవీ ఇద్దరూ అలాగే కూర్చునేవాళ్ళు. అతను పొద్దుతిరుగుడు గింజలు నమిలేవాడు. పిచ్చర్ బంతి వెయ్యబోయే ముందు, అదెలా వస్తుందో ఊహించి, "వంపు" అనో "నేరు" అనో గొణిగేవాడు. ఆమె బంతి వచ్చాక "ఊఁ" అనేది. ఆట మొత్తానికీ వాళ్ళ సంభాషణ అదే. మా అమ్మమ్మ అంత తక్కువ మాట్లాడటం నేనింకెక్కడా చూడలేదు.

"ప్రేమేనా అమ్మమ్మా?" అని ఏడిపించేదాన్ని.

"నోర్ముయ్యి. గింజల పొట్టంతా నా చెప్పుల మీద ఊస్తాడు. అదేం ప్రేమ."

చెప్పులు మాత్రం పక్కకి జరిపేది కాదు.

మార్చిలో, మైదానంలో మంచు ఇంకా కరగకముందే, వాల్ట్ పోయాడు. ఆ కబురు ఆమెకి ఫోనులో స్టష్ తాత చెప్పాడు. స్టష్ తాత బడి బస్సు నడిపి రిటైరయినవాడు. మా ఊళ్ళో ఏ ఆట ఎప్పుడు జరిగిందో అతన్నే అడుగుతారు.

"వాల్ట్ పోయాడు స్టేషా. గురువారం చర్చి. ఆ తర్వాత ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు. నువ్వు హలుష్కి పట్టుకురా, పెద్ద గిన్నెలో" అన్నాడట.

మనిషిని దూరం పెట్టారు గాని, ఆమె హలుష్కిని, అంటే వెన్నలో వేయించిన ఆ క్యాబేజీ నూడుల్స్‌ని, ఎవరూ ఎప్పుడూ దూరం పెట్టలేదు.

బుధవారం నేను సాయం చెయ్యడానికి వెళ్ళాను. సాయమంటే కుర్చీలో కూర్చుని మాట్లాడటం. ఆమె క్యాబేజీ తరుగుతోంది.

"ఈసారి తొమ్మిదోది చెప్పాలి" అంది ఉన్నట్టుండి.

ఆ మాట నాకు వెంటనే అర్థమయింది. మా ఊళ్ళో పాత ఆటగాడెవరైనా పోతే, సమాధి దగ్గరనుంచి వచ్చి, భోజనాలయ్యాక, అతని గొప్ప ఆటను బల్ల మీద మళ్ళీ ఆడతారు. చక్కెర పొట్లాలు బేసులు, ఉప్పు సీసా పిచ్చర్. ఒక్కో ఇన్నింగ్స్‌ని ఒక్కొక్కరు అందుకుని చెబుతారు. వాల్ట్ విషయంలో ఆట ఏదో ఎవరూ అడగక్కర్లేదు. అతను బతికున్నప్పుడే ఆ ఆటను బార్లో వందసార్లు ఆడి ఉంటారు. కాని ఎప్పుడాడినా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యేదాకా వచ్చి ఆపేస్తారు. అక్కడ ఆపేస్తే వాల్ట్ బంతిని ఇంకా ఎవరూ కొట్టనట్టే కదా. ఆట ముగియదు కాబట్టి ఎవరూ లేవరు. ఇంకో గ్లాసు పోసుకుని, మళ్ళీ మొదటి ఇన్నింగ్స్ అందుకుంటారు.

"అక్కడ ఆపితే నీకే మంచిది. నువ్వు కూడా ఇంకా నోరు విప్పనట్టే లెక్క" అన్నాను.

ఆమె కత్తి ఆపింది. "అక్కడ ఆపితే అతనింకా అక్కడే ఉంటాడు, బంతి వేసే మట్టి దిబ్బ మీద, బంతి పట్టుకుని. ఎన్నేళ్ళని నిలబెడతారు మనిషిని? ఇంకొకణ్ణి అవుట్ చేశాడు కదా. ఆట గెలిచాడు కదా. అది అతను చెయ్యలేదా?"

"చేశాడు. ఊరంతా చూసింది."

"ఊరంతా నన్ను చూసింది."

ఆమె కత్తి పక్కన పెట్టేసింది. 

"బంతి గడ్డిలో పడగానే మైదానమంతా లేచి నా వైపు తిరిగింది. పైనుంచి కిందిదాకా మొహాలే. మా మేనత్త గొడుగుతో నా వీపు మీద ఒకటి వేసింది. ఆ తర్వాతి బంతికే ఆట అయిపోయింది. మైదానం వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే. ఆ మొహాలు చూడలేక అటు చూశాను. ఆడినవాళ్ళు చూశారనుకో, వాళ్ళలో ఇప్పటిదాకా మిగిలినవాడు వాల్ట్ ఒక్కడే."

"ఎలా అయ్యాడు మరి ఆ చివరివాడు అవుట్?"

"నీకెందుకే. హాల్లో విను." మళ్ళీ కత్తి అందుకుంది, కాని తరగలేదు. "నోరు తెరవగానే నవ్వుతారు."

"ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నారుగా. నువ్వూ నవ్వుతావు."

"అది వేరు. అప్పుడు నాకు చెప్పాల్సిందేమీ లేదు."

గురువారం చర్చి నిండింది. హాలు కూడా నిండింది. పంది మాంసం ముక్కలు, కూరు పెట్టి ఉడికించిన పిరోగీలు, బంగాళదుంపల సలాడ్, మధ్యలో మా అమ్మమ్మ గిన్నె. వాల్ట్‌కి పిల్లలు లేరు. అతని చెల్లెలి కూతురు ఎలెన్ ఒక్కర్తే ఆలెన్‌టౌన్ నుంచి వచ్చింది. నల్ల గౌనులో, ఎవరు ఎవరో తెలియక, అందరికీ థాంక్స్ చెబుతూ తిరుగుతోంది. అమ్మమ్మ పెద్ద బల్లకి దూరంగా, కోట్లు తగిలించే గోడ దగ్గర, ఒక కుర్చీలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెని అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. కాళ్ళకే తెలుసు.

గిన్నెలు ఖాళీ అయ్యాక స్టష్ తాత బల్ల తుడిపించి, చక్కెర పొట్లాలు పేర్చి, మధ్యలో ఉప్పు సీసా నిలబెట్టాడు.  కుర్చీలు దగ్గరికి జరిగాయి.

మొదటి ఇన్నింగ్స్ స్టష్ తాతదే. రెండోది మంగలి జెరోమ్ అందుకున్నాడు. ఆ రోజు తను కంచె మీద కూర్చున్నాననీ, వాల్ట్ వేసిన ఒక బంతి ఎంత వంపు తిరిగిందంటే బ్యాట్ పట్టుకున్నవాడు తప్పించుకోబోయి సొంత బూటు తొక్కి పడ్డాడనీ చెప్పాడు.

"పడలేదురా, మోకాళ్ళ మీద కూలబడ్డాడు" అన్నాడు స్టష్ తాత.

"కూలబడటమంటే పడటం కాదా?"

"మీ ఆవిడ ముందు నువ్వు రోజూ కూలబడతావు, పడ్డావంటామా?"

అందరూ నవ్వారు. మూడు, నాలుగు అలాగే నడిచాయి. ఐదోది చెప్పిన ముసలాయన మధ్యలో ఆగాడు. నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. ఆరోదాకా వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. ఏడో ఇన్నింగ్స్ చెప్పేటప్పుడు హాల్లో ఎవరూ కాళ్ళు కూడా కదపలేదు. ఆ రోజు మైదానంలో ఎలా ఉండిందో అలాగే. వాళ్ళు కావాలని చేసింది కాదు. ఆ ఆట దగ్గరికి వస్తే వాళ్ళకి అలా అవుతుంది, అంతే.

తొమ్మిదోది మళ్ళీ స్టష్ తాత అందుకున్నాడు. మొదటివాడు అవుట్. రెండోవాడు గాల్లోకి కొడితే బంతి నేరుగా మావాడి చేతుల్లో పడింది. అవుట్. స్టష్ తాత ఉప్పు సీసా మీద రెండు వేళ్ళు ఆనించి, "అదీ మన వాల్ట్" అన్నాడు. అందరూ "వాల్ట్" అని గ్లాసులెత్తారు. ఎవరో సీసా మూత తిప్పడం మొదలుపెట్టారు.

"తర్వాత?" అంది ఎలెన్.

సీసా మూత తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఇద్దరే కదా అయ్యారు. ఆ తర్వాత ఏమైంది? మామయ్య గెలిచాడా?" ఆమెకి ఇక్కడి పద్ధతులేమీ తెలియవు, పాపం. వాల్ట్ కూడా ఆమెకి ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

"గెలిచాడమ్మా, గెలిచాడు" అన్నాడు స్టష్ తాత, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"ఎలా?"

స్టష్ తాత జెరోమ్ వైపు చూశాడు. మూడో బేస్ కుర్రాడు విసిరాడనుకుంటా అన్నాడు జెరోమ్. కాదు, గాల్లో పట్టుకున్నారు అన్నాడు ఇంకెవరో. మరి తొమ్మిదిమందీ ఎగిరి గంతులేసింది నేను చూశానే అన్నాడు మూడో ఆయన. గంతులు ఎందుకు వేశారని అడిగితే మాత్రం అతనికి తెలియలేదు. ఊరంతా ప్రాణంగా చెప్పుకునే ఆట ఎలా ముగిసిందో హాల్లో ఒక్కరికీ తెలియదని ఆ క్షణంలో అందరికీ ఒకేసారి తెలిసినట్టుంది. ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకున్నారు.

అమ్మమ్మ పళ్ళెం కింద పెట్టి లేచింది. హాలు దాటి బల్ల దగ్గరికొచ్చింది. ఆమె వస్తుంటే మనుషులు అలవాటుగా పక్కకి తప్పుకున్నారు. దానివల్ల దారి బాగానే దొరికింది.

"స్టేషా, నోరు..." అని ఎవరో అనబోయి, మిగతాది మింగేశారు.

"ముందు ఆ మూడోవాడు కొట్టాడు" అంది అమ్మమ్మ. చొక్కాల ఫ్యాక్టరీ గొంతే, కాని అంత గట్టిగా లేదు. "నేనన్నాను, వాడు కొట్టాడు. వాడొచ్చి మొదటి బేస్ దగ్గర నిలబడ్డాడు. మీరంతా నావైపు తిరిగారు. నువ్వు నీ టోపీ నా మీదకి విసిరావు స్టష్."

"విసిరాను" అన్నాడు స్టష్ తాత.

"తర్వాత వచ్చినవాడు ఆ లావుపాటి వాడు, హార్లన్ హిల్ కసాయివాళ్ళబ్బాయి. వాల్ట్ మొదటి బంతి వేశాడు. వాడు కొట్టాడు. నేల మీద ఒక్క గెంతు గెంతి నేరుగా వాల్ట్ చేతిలోకే వచ్చింది." ఉప్పు సీసాని చేతిలోకి తీసుకుంది. "మొదటి బేస్ దగ్గర, ఆ లావుపాటివాడికంటే ముందు బంతి అందుకుని వాణ్ణి అవుట్ చెయ్యాలని, మన కుర్రాడు చెయ్యి చాపి నిలబడ్డాడు. వెయ్యి వెయ్యి అని అరుస్తున్నాడు. వాల్ట్ వెయ్యలేదు."

"వెయ్యలేదా?"

"తప్పుకోమని చెయ్యి ఊపాడు. బంతి రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని పరుగెత్తాడు." ఉప్పు సీసాని బల్ల మీద మొదటి బేస్ పొట్లం వైపు నడిపించింది. "ఇటునుంచి ఆ లావుపాటివాడు, అటునుంచి వాల్ట్. మోచేతులు అటూ ఇటూ ఎగురుతున్నాయి, టోపీ పడిపోయింది. పిల్లాడు పక్కింటి చెట్టుకి యాపిల్ దొంగిలించి పరుగెడితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. అడుగు తేడాతో వాల్టే ముందు బేస్ మీద కాలు పెట్టాడు. అంపైర్ అవుటని చెయ్యెత్తాడు. అప్పుడు మీరంతా మళ్ళీ మైదానం వైపు తిరిగారు."

సీసాని పొట్లం మీద నిలబెట్టి చెయ్యి తీసింది.

ఎవరూ నవ్వలేదు. ఎలెన్ మాత్రం చేతులు మూతికి అడ్డం పెట్టుకుని మెల్లగా నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో. "మామయ్య బస్సుకి కూడా అలాగే పరుగెత్తేవాడు" అంది. అప్పుడు అందరూ నవ్వారు. మా అమ్మమ్మ నోరు తెరిచాక జనం ఆమెని చూసి కాకుండా ఇంకొకరిని తలుచుకుని నవ్వడం నాకు తెలిసి అదే మొదలు.

"నేరుగా విసిరితే పోయేదానికి అంత దూరం ఎందుకు పరుగెత్తాడంటావ్?" అని అడిగాడు జెరోమ్.

"నన్నడుగుతావేం. కాళ్ళు పొడుగు, వాడుకున్నాడు" అంది అమ్మమ్మ.

స్టష్ తాత బల్ల మీదకి వంగి చూశాడు. "మూడు అవుట్లు" అన్నాడు. తర్వాత, "అయితే ఆట అయిపోయింది" అన్నాడు. చక్కెర పొట్లాలు ఒకటొకటిగా ఏరి గిన్నెలో వేశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

అతను లేవగానే జెరోమ్ లేచాడు. అతని వెనక మిగతావాళ్ళు. ఆట అయిపోయాక మైదానంలోంచి మనుషులు ఎలా కదులుతారో అలాగే కదిలారు. టోపీలు పెట్టుకున్నారు, తాళాలు వెతుక్కున్నారు, రేపటి మంచు గురించి మాట్లాడుకుంటూ తలుపు వైపు నడిచారు. మామూలుగా అయితే చీకటి పడేదాకా కూర్చునేవాళ్ళు, మొదటినుంచి మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళు. మళ్ళీ ఆడటానికి ఇప్పుడేమీ మిగలలేదు. ఎవరూ కోపంగా లేరు. చాలామంది వెళ్తూ అమ్మమ్మకి తల ఊపారు. స్టష్ తాత అయితే, "మంచిది, మిసెస్ డాంబ్రోస్కీ" అన్నాడు. అతని నోట అమ్మమ్మ ఇంటిపేరు నేనెప్పుడూ వినలేదు. ఎలెన్ అమ్మమ్మని కావలించుకుని, దారిలో రోడ్డు మీద మంచు గడ్డ కడుతుందేమోనని తొందరగా బయల్దేరింది.

కాసేపటికి హాల్లో వంటింటి ఆడవాళ్ళ గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మమ్మ పెద్ద బల్ల దగ్గర స్టష్ తాత కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టూ వెనక్కి జరిపిన కుర్చీలు.

"మళ్ళీ చేశావు. ఒక్క మాటతో హాలు ఖాళీ చేయించావు" అన్నాను.

"ఆట అయిపోతే వెళ్ళరా మరి" అంది. ఖాళీ కుర్చీలు చూస్తూ, "ఇంత తొందరగా వెళ్తారనుకోలేదు" అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చిప్స్ ఫ్యాక్టరీలో నా షిఫ్టుకి వేళవుతోంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"నిజంగా ఎందుకు విసరలేదు అమ్మమ్మా?"

వంటింటి వైపు ఒకసారి చూసుకుంది. "నేనూ అడిగాను, మెట్ల మీద, ఒకరోజు. నా మాట వినిపించిందా అని కూడా అడిగాను. వినిపించింది అన్నాడు. బంతి చేతిలోకి రాగానే చెయ్యి వణికిందట. విసిరితే ఎక్కడికి పోతుందో తెలియలేదట. అందుకని మోసుకుపోయాడు."

"అది వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"చెయ్యి వణికిందని వాళ్ళకి చెప్పమంటావా? వాల్ట్ హుడాక్‌కి?"

 వంటింట్లోంచి ఒకావిడ వచ్చి బల్లల మీద కుర్చీలు తిరగేసి పెట్టడం మొదలుపెట్టింది. అవతలి వరసనుంచి మొదలుపెట్టి మావైపు వస్తోంది.

"నువ్వెళ్ళు, నీ షిఫ్టు" అంది అమ్మమ్మ. "నేను నడిచిపోతాను."

"గిన్నె బరువు."

"ఖాళీయేగా."

లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. పొద్దున అక్కడ ఒకదాని మీద ఒకటి కోట్లు గుట్టగా వేలాడాయి. ఎవరిది ఏదో తెలియక అందరూ తికమకపడ్డారు. ఇప్పుడు కొక్కేలన్నీ ఖాళీ, ఆమె కోటొక్కటే ఉంది. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.